కొత్త ఆయాకు ఒక సంతకం

పిల్లల కేంద్రంలో చోటు దొరక్కపోతే ఆ ఇంటి కోడలు ల్యాబ్ ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాల్సిందే. ఆ భయంతోనే ముందు పిల్లని చూసుకోమని అత్తగారిని అడిగి చూసింది.

“నలుగుర్ని పెంచి పెద్ద చేశాను తల్లీ. ఊరికే చాకిరీ చేసే ఓపిక నాకిక లేదు,” అని ఆవిడ కుండబద్దలు కొట్టేసింది.

చివరికి పురపాలక సంఘం పుణ్యమా అని గండం గట్టెక్కింది. కేంద్రంలో ఇంకో ఆయాకు జీతం తామిస్తామన్నారు. దాంతో మరో ఆరుగురు పిల్లలకు చోటొచ్చింది. వాళ్ళలో కోడలి కూతురు ఒకతి; దానికింకా మాటలు రావు. కాకపోతే ఒక మెలిక పెట్టారు. నెల తిరిగాక తల్లులు బాగుందని రాసిస్తేనే ఆ జీతం ఉంటుంది. లేదంటే ఆయా పోతుంది, చోటూ పోతుంది.

కోడలు పొద్దున ఏడింటికే ల్యాబ్‌కి పరుగెత్తాలి. పిల్లని దింపడం, తీసుకురావడం భర్త వంతు. నెల తిరక్కుండానే పిల్ల తన ముద్ద తనే తినడం, చేతులు కడగమని చాచడం చూసి కోడలు మురిసిపోయింది.

“ఆ ఆయా బంగారమండీ,” అంది భోజనాల దగ్గర, మొగుడికి చెబుతున్నట్టుగా, గొంతు మాత్రం అత్తగారి గదిలోకి వినిపించేలా. “కొందరిలా ఓపిక లేదని తప్పించుకునే రకం కాదు.”

భర్తకి పొలమారింది.

“అంత గొప్పదా ఆవిడ?” అన్నారు అత్తగారు గదిలోంచి.

“మీరొకసారి చూస్తే తెలుస్తుంది అత్తయ్యా!”

నెలాఖరున కోడలు సెలవు పెట్టి కేంద్రానికి వెళ్ళింది. అక్కడి మేనేజరమ్మ కాగితం చేతికిచ్చింది.

“ముందు ఆవిడని చూసి రాయనా?”

“వద్దండి. మొహం చూసి కాదు, పిల్లల్ని చూసి రాయాలని ఆవిడే పట్టుబట్టారు.”

ఆ మాటతో కోడలికి ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది. ‘ఇలాంటి మనిషి మా ఇంట్లో ఒక్కరుంటే నాకే దిగులూ ఉండేది కాదు’ అని రాసి, కింద సంతకం గీకేసింది. ఇక ఆవిడ రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెబితేగానీ మనసు నిలవదనిపించి, పిల్లల గది తలుపు తోసింది.

చంకలో ఒక పిల్లాణ్ణి ఎత్తుకుని, తూలి పడబోయిన ఇంకొకణ్ణి రెండో చేత్తో ఆపుతూ, మెడలో పురపాలక సంఘం కార్డుతో నవ్వుతూ నిలబడి ఉన్నది అత్తగారు.