పట్టీలు విప్పిన థింసా

విశాఖలోని ఆ చిన్న బడిలో పిల్లలందరి కాళ్లకూ నాట్యపు పట్టీలున్నాయి. ఏ నాట్యం పేరు చెబితే ఆ అడుగులు అవే వేయిస్తాయి. ఒడియా పిల్లలు భాంగ్రా, పంజాబీ పిల్లలు కోలాటం ఇట్టే ఆడేస్తారు.

అరకు నుంచి వచ్చిన సొంబరి టీచరు వార్షికోత్సవానికి తమ కొండల నాట్యం థింసా నేర్పుతోంది. పిల్లలు ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసి వరసకట్టారు. డప్పు మోగింది. పట్టీలు పొట్టివాళ్లకు పొట్టి అడుగు, పొడుగువాళ్లకు పొడుగు అడుగు వేయించాయి. అందరి అడుగూ ఒప్పే, వరస మాత్రం తెగిపోయింది.

"పట్టీలు ఇప్పీయండర్రా," అంది సొంబరి.

నేపాలీ పిల్ల పెమా బిక్కమొహం వేసింది. "నాకు అడుగులు రావు టీచర్. పడిపోతే?"

"పడ్డానికి సోటేదమ్మా? అటొకలు, ఇటొకలు పట్టుకునున్నారు కదా."

పట్టీలన్నీ మూలకు చేరాయి. మళ్లీ డప్పు మోగింది. మూడో అడుగుకే పెమా తూలింది. నడుము వెనక చేతులు బిగిశాయి. వరసంతా ఆమెతోపాటు వంగి, ఆమెతోపాటే లేచింది. పిల్లలు పకపకా నవ్వారు.

"టీచర్, ఇంకోసారి తూలనా?" అంది పెమా.

మూలన కుప్పపోసిన పట్టీలు, లోపల కాళ్లు లేకపోయినా, డప్పుకు తప్పు లేకుండా ఆడుతూనే ఉన్నాయి.