దొంగదని చెప్పన్నా

“సరిగ్గా చూడన్నా. దొంగ నాణెమే అయ్యుంటుంది,” అంది కసిమిరా.

ఎలియోదోరోకు నవ్వొచ్చింది. వెండిగనుల ఊరైన పొతోసి బజారులో పాత నాణేల కొట్టు పెట్టిన నాటి నుంచి ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళంతా తమ రేకుముక్క అసలు వెండేనని ఒట్లు పెట్టినవాళ్ళే. ఈవిడేమిటో తెచ్చినదాన్ని తనే తీసిపారేస్తోంది.

నాణెం నల్లగా ఉంది. అంచున చిన్న చిల్లు. ఈ ఊళ్ళో పెళ్ళినాడు పెళ్ళికూతురు ఇలాంటిదొకటి మొగుడి మెడలో కడుతుంది. గనిలో దిగినా, మంచం మీద పడుకున్నా దాన్ని తియ్యకూడదు. తీసి పెళ్ళానికి పంపాడంటే ఆ కాపురం తెగిపోయినట్టే. ఇప్పుడు కడుతున్నవన్నీ సంతలో దొరికే నకిలీ పోత నాణేలే.

కసిమిరా కట్టింది మాత్రం వాళ్ళ అమ్మమ్మ దాచిన అసలు నాణెం. ఆ పెళ్ళిలో ఎలియోదోరో కూడా భోంచేశాడు.

ఆయనకు విషయం అర్థమైపోయింది. గనిలో పనిచేసే ఆమె మొగుడు ఫ్లోరెన్సియో కోళ్ళమ్మే ఆవిడతో ఆర్జెంటీనాకు లేచిపోయాడని ఊరంతా చెప్పుకుంటుంది. కసిమిరా కూడా పొద్దున్నే వేడి మొక్కజొన్న జావ అమ్ముతూ, గ్లాసుతోపాటు వాడి మీద నాలుగు తిట్లు పోస్తుంది. ఇన్నేళ్ళకు ఆ వెధవ నాణెం తిప్పి పంపినట్టున్నాడు. ఆయనకు జాలేసింది.

నాణేన్ని వేలి కొన మీద నిలిపి మరో నాణెంతో తట్టాడు. సన్నగా, చాలాసేపు మోగింది.

“ఇత్తడి కూడా మోగుతుందిగా,” అందామె.

త్రాసులో వేశాడు. బరువు సరిపోయింది.

“సీసం కలిపుంటారన్నా. ఈ కాలంలో ఎవర్ని నమ్మగలం?”

భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. పోతనాణెమైతే ఒళ్ళంతా సన్నని గుంటలుంటాయి. దీనికి ఒక్కటీ లేదు. అంచు మీద అక్షరాలు పదునుగా ఉన్నాయి. వెనకవైపు మాత్రం చర్మానికి రాసుకుని రాసుకుని నునుపెక్కింది. చిల్లుతో విలువ తగ్గింది గానీ, చూడముచ్చటైన నాణెం.

“కసిమిరమ్మా, ఇది అసలుదే.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“ఇంకోసారి చూడు.”

“ఎన్నిసార్లు చూసినా అంతేనమ్మా. మీ అమ్మమ్మదే.”

“నీకు చూపు మందగించింది. కళ్ళద్దాలు మార్చుకో.”

ఆయనకు రోషమొచ్చింది, అంతలోనే ఆమె ఇంకా బల్ల అంచు వదలకపోవడం చూసి చల్లారిపోయాడు.

“పోనీ, అబద్ధమైనా చెప్పన్నా. దొంగదని ఒక్క మాట అనెయ్. నీ సొమ్మేం పోతుంది?”

ఎలియోదోరో నోరు తెరిచాడు. నాణెం విషయంలో ఆయన ఏనాడూ అబద్ధమాడి ఎరగడు. ఇవాళ ఆడదామన్నా నాలుక తిరగలేదు. ఏం చెయ్యాలో తోచక భూతద్దాన్ని చొక్కాకు తుడుస్తూ కూర్చున్నాడు.

“ఊరుకోమ్మా,” అన్నాడు చివరికి. “వాడికోసం ఏడవడమేమిటి? తెంపుకుని పంపినవాణ్ణి నువ్వూ తెంపేసుకో.”

కసిమిరా నాణేన్ని రెండు అరచేతుల మధ్య దాచుకుంది.

“వాడు తెంపుకుని పంపి ఉంటే ఎప్పటిలాగే తిట్టుకుంటూ బతికేదాన్నన్నా, దీన్ని ఎప్పుడో కూలిపోయిన పాత సొరంగాన్ని నిన్న తవ్వుతుంటే బయటపడ్డ ఎముకల గూడు మెడలోంచి తీసి తెచ్చిచ్చారు.”