నాలుగుసార్లు అడిగిన మాట

“మా ఆయన బతికున్నారా అని మీ వెబ్‌సైటు నాలుగుసార్లు అడిగింది బాబూ. నాలుగుసార్లూ లేరనే రాశాను,” అంది, కుళాయి కనెక్షన్ తన పేరుకు మార్పించుకోవడానికి నీళ్ల ఆఫీసుకొచ్చిన పెద్దావిడ.

కౌంటర్లో కూర్చున్న, ఆ వెబ్‌సైటు రాసిన ప్రోగ్రామరు నాలిక్కరుచుకున్నాడు. రిక్వెస్టు ప్రోగ్రాములో ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్లేటప్పుడు, మొదటి జవాబును వెంట పంపే లైను రాయడం మరిచింది తనే. వెంటనే ఆ లైను చేర్చాడు.

“చిన్న పొరపాటమ్మా. ఇప్పుడే సరిచేశాను, ఇక అడగదు.”

ఆవిడ దరఖాస్తు తెరిచాడు. ఆవిడ చెప్పని అయిదో జవాబు కూడా ఉంది: ‘ఉన్నారు’.

“ఇదేంటమ్మా?”

“అయిదోసారి చెయ్యి రాలేదు బాబూ. ఉన్నారని రాసేశాను. మళ్లీ అడగలేదు.”

పేరు మారాలంటే ఆ మాట తీసెయ్యాలి. అతను కీబోర్డును మెల్లగా ఆవిడ వైపు జరిపాడు.

ఆవిడ వెనక్కి తోసేసింది.

“నువ్వే చెరిపెయ్ నాయనా. నేను అటు తిరిగి నిలబడతాను.”