ముందు అడగాలి

"బల్ల ఎక్కను సిస్టర్!" నొప్పులు పడుతున్న ఇందు కాన్పు గదిలో గోడ పట్టుకుని నిలబడిపోయింది.

నర్సు వాసంతి విసుక్కోలేదు. ఏదైనా ముందు అడగాలి. కొత్త శిక్షణలో నేర్పింది అదే. "ఎక్కకు తల్లీ. ఎట్లుంటే నీకు సుఖమో నువ్వే చెప్పు."

"మోకాళ్ల మీద ఉంట. పొద్దుగాల మగ్గం కాడ నొప్పొస్తే గట్లనే ఉన్న. డాక్టరమ్మ తిడ్తదా?"

"కడుపుల బిడ్డ మంచిగున్నది. డాక్టరమ్మకు నేను చెప్త." వాసంతి కింద పరుపు పరుస్తూ అడిగింది. "గని బల్లంటే గంత భయమేంది?"

"మూడేండ్ల కింద మొదటి కాన్పు గిదే బల్ల మీద. ఊపిరాడ్తలేదు, ఒద్దొద్దని మొత్తుకుంటాంటే కడుపు మీద పడి ఒత్తిర్రు. గిప్పటికీ కలల ఆ చేతులే కనవడ్తయి."

వాసంతికి ఒళ్లు మండింది. "ఎవలు? పేరు చెప్పు, నేనడుగుత."

"పేరు తెల్వదు. ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ ఉంటది."

పరుపు సర్దుతున్న వాసంతి ఎడమచేయి ఆగిపోయింది. తల ఎత్తితే, ఇందు ఆ చేతినే చూస్తోంది.

వాసంతి ఆ రోజును గుర్తు చేసుకోబోయింది. రాలేదు. బల్ల గుర్తొచ్చింది, అరుపులు గుర్తొచ్చాయి. ముఖాలే లేవు. ఎంతమందో!

ఇందుకు మళ్లీ నొప్పి వచ్చింది. పరుపు మీద మోకాళ్లూని వంగిపోయింది. అలవాటుగా ముందుకు చాచిన చేతిని వాసంతి మధ్యలోనే ఆపుకుంది.

"పట్టుకోనా?"

"ఒద్దు సిస్టర్. జర ఆగుర్రి. నేను పిలుస్త."

వాసంతి రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, పక్కనే నేల మీద కూర్చుంది.