కొట్లాట చేపల కాపురం

ఆస్కార్ చేప బస్సు డ్రైవరు వేలు కొరికింది.

"కొరికిందే! మేత అందుకుని, చాలక వేలు కూడా పట్టుకుంది!" అంటూ నీళ్లు కారుతున్న చేత్తో గెంతులేశాడు డ్రైవరు.

"దానికి ఏడవాలి గానీ ఆ సంబరమేమిటండీ?" అంది భార్య, గుడ్డతో వేలు తుడుస్తూ.

"నీకు తెలీదు. మనం దానికి అలవాటయ్యామన్నమాట!"

డ్రైవరుకి చిన్నప్పటి నుంచీ చేపల పిచ్చి. అదీ బుజ్జిబుజ్జి రంగు చేపలు కంటికి ఆనవు. పొగరున్నవే కావాలి. ఎన్నాళ్లకో ఆ ముచ్చట తీరింది. నలుగురు కూలీలు చెమటలు కక్కుతూ ఆరడుగుల అద్దాల ట్యాంకుని మేడమీద వాటాకి ఎక్కించారు. ఎటు కూచున్నా కనబడాలని హాలు నడిమధ్యన పెట్టించుకున్నాడు.

నీళ్లు నింపాడు. ఫిల్టరు తిరిగి ఆ నీళ్లు కుదురుకునేదాకా చేపల్ని వదలకూడదు. వారాల తరబడి వట్టి నీళ్లని చూసి మురిసిపోయాడు.

"మీ చేపలు భోంచేశాయా?" అని భార్య రోజూ ఏడిపించేది.

అప్పుడే మొదటిసారి కింద వాటా ఆయన పైకొచ్చాడు. లిఫ్టు ఆపరేటరుగా చేసి రిటైరైన ఒంటరి మనిషి. ఏ మాటా తిన్నగా చెప్పడు, నసుగుతాడు. అందుకే డ్రైవరు ఆయనకి 'సన్నాయి బాబాయి' అని పేరు పెట్టాడు. వెనకాలే లెండి.

"నాయనా, దీన్ని ఆ గోడవారకి జరిపితే..."

"అక్కడ ఎండ పడుతుంది బాబాయ్‌గారూ. అద్దాలకి పాచి పట్టేస్తుంది."

"అది కాదు నాయనా..."

"కూర్చోండి, కూర్చోండి! ఇందులో ఏమేం వదలబోతున్నానో చెప్తాను."

డ్రైవరు చెప్పుకుపోయాడు. పళ్లెమంత పెరిగే ఆస్కార్. ఒంటిమీద నల్లచారలతో జైలు బట్టలు తొడుక్కున్నట్టుండే ఖైదీ చేపల జంట. ఒకదానికొకటి పడనివి కనుక, ఎవరి మూల వాళ్లకి ఉండేలా రాళ్లూ పెంకులూ పేర్చిన వైనం.

ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. చెప్పొచ్చిన మాట చెప్పకుండానే లేచి వెళ్లాడు.

"కొందరంతే. ఎదుటివాడు ముచ్చట పడితే చూడలేరు. సలహా ఇవ్వకపోతే అన్నం సహించదు," అన్నాడు డ్రైవరు.

ఆయన మాత్రం సాయంత్రం పూట వస్తూనే ఉన్నాడు. గోడ మాట మళ్లీ ఎత్తలేదు. ఆస్కార్ తోకతో కొడితే నీళ్లు మొహాన పడ్డా తుడుచుకోకుండా నవ్వేవాడు.

ఒక ఆదివారం ఇల్లు దద్దరిల్లింది.

"ఏమేవ్! ఇలా రా! ఖైదీది గుడ్లు పెట్టింది!"

పెంకు మీద ఆవగింజల్లా అంటుకున్నాయి గుడ్లు. అరచేతిలో సగం కూడా లేని తల్లి, తనకి పదింతలున్న ఆస్కార్‌ని తరిమి తరిమి కొడుతోంది. తండ్రి అడ్డంగా నిలబడి మొప్పలు విప్పి బుసకొడుతున్నట్టున్నాడు.

"వీళ్ల అసాధ్యం కూలా! ఎంతవాణ్ణి మూలకి తోసేశారో చూడు!" అంది భార్య, పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా.

డ్రైవరు ఆస్కార్‌కి అడ్డంగా గాజుపలక దించి, ఆ వారమంతా డ్యూటీ నుంచి పరుగున వచ్చి అద్దానికి ముక్కు ఆనించి కూచున్నాడు.

పిల్లలు కళ్లు తెరిచి, మబ్బుతునకలా పెంకు మీంచి పైకి లేచిన క్షణాన తలుపు చప్పుడైంది.

సన్నాయి బాబాయి. చేతిలో సంచీ.

"వెళ్తున్నాను నాయనా, మా చెల్లెలి దగ్గరికి. ఒకసారి చూసి..."

"అయ్యో బాబాయ్‌గారూ, ఇప్పుడే పిల్లలు ఈదుతున్నాయి! కొత్త అలికిడైతే బెదిరి తల్లే మింగేస్తుంది. వచ్చాక చూద్దురుగాని, ఏం?"

"వచ్చాకా..." అని నసిగి, తలుపు సందులోంచి ఒక్కసారి తొంగిచూసి నవ్వాడు. అలికిడి కాకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"లోపలికి రమ్మనాల్సిందండీ," అంది భార్య.

"రోజూ వచ్చే మనిషేగా."

మర్నాడు ఇల్లుగలావిడ తాళాలగుత్తితో వచ్చింది.

"బాబూ, కింద వాటా చూడ్డానికి మనుషులొస్తున్నారు. నీ ట్యాంకు సంగతేం చేద్దాం?"

"బాబాయ్‌గారు ఖాళీ చేశారా? అయినా మా ట్యాంకుకేం?"

"కిందికి రా."

డ్రైవరు ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. గది నడిమధ్యన, నేల నుంచి కప్పుదాకా, ఇనప స్తంభం; దాన్నుంచి నాలుగు మూలలకీ ఏటవాలుగా ఇనప దన్నులు. స్తంభం తల చుట్టూ కప్పు బీటలిచ్చి ఉంది.

"నువ్వు నీళ్లు నింపిన వారానికే పగిలింది. పాత ఇల్లు మరి. ట్యాంకు తీయించేస్తానన్నాను. ఆయనే నా కాళ్లావేళ్లా పడి, మేస్త్రీని తెచ్చి ఈ స్తంభం పెట్టించాడు. ఇది ఉంటే భయం లేదని మేస్త్రీ చెప్పాకే నేనూ ఊరుకున్నాను."

డ్రైవరు స్తంభం మీద చెయ్యి వేశాడు.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ట్యాంకు తీసేస్తావని, నన్నూ చెప్పనివ్వలేదు. పైన మీ గోల వినబడకపోతే ఇల్లు బావురుమంటుందిట."

సరిగ్గా అప్పుడే కప్పులోంచి భార్య కేక స్పష్టంగా వినిపించింది. "ఏమండీ, రండి! పిల్లలు మేత తింటున్నాయి!"

డ్రైవరు కదల్లేదు. స్తంభం చుట్టూ చూశాడు. ఆ దన్నుల మధ్య ఎటు చూసినా మనిషి పడుకునేంత చోటు లేదు.

"మరి ఆయన మంచం?"

ఇల్లుగలావిడ పక్కనున్న ఇరుకు వంటింటి తలుపు తోసింది.

"ఉన్న ఒక్క గదీ నీ చేపలకి ఇచ్చేశాడుగా బాబూ, ఇక్కడే కాళ్లు ముడుచుకుని పడుకునేవాడు."