గణేష్ చదివేదాకా

ఆ ఆదివారం పొద్దున ఆకాశం పసుపు నీళ్ళ రంగులో ఉంది. రాత్రి కురిసి వెలిసిన మబ్బులు సముద్రం మీదికి జరిగి, అక్కడే నిలబడిపోయాయి. ఉక్కునగరంలో బస్సెక్కి వచ్చిన అర్జునరావు ఫిషింగ్ హార్బర్ వెనక వీధుల్లో అడుగుతూ అడుగుతూ గణేష్ ఇల్లు పట్టుకున్నాడు.

గుమ్మంలో గణేష్ తండ్రి సూరన్న వల బాగుచేస్తున్నాడు.

"గణేష్ ఉన్నాడా?"

సూరన్న చేతిలో దారం ఆగింది. "ఎవురు బాబూ?"

"నా పేరు అర్జునరావు. స్టీల్ ప్లాంటులో పని. కంప్యూటర్లో మేం కొంతమందిమి కలిసి పాత నవలలు చదువుతుంటాం. మీవాడు మా గుంపులో ఉన్నాడు. చివరి ప్రకరణం ఇంకా చదవలేదు."

"కత సదవలేదని ఇంటికొచ్చి అడిగినోల్ని ఇప్పుడే సూసినాను. మా ఇస్కూలు మేస్టారు కూడా ఎన్నడూ రాలేదు" అని సూరన్న లోపలికి కేకేశాడు. "ఓలమ్మా సూర్యకళా! కతల బాబొచ్చినారు."

గణేష్ భార్య సూర్యకళ వచ్చి స్టూలు వేసింది.

అర్జునరావు నడిపే గుంపుకి ఒకటే నియమం. వారానికో ప్రకరణం. చదివినవాళ్ళు "అయింది" అని రాయాలి. ఒక్కరు వెనకబడినా మిగిలినవాళ్ళు ఆగాలి. వేటకెళ్తే వారాల తరబడి ఒడ్డు చూడని గణేష్ అడిగితే పెట్టిన నియమం అది. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. ప్రతి ఆదివారం గణేష్ పేరుతో ఒకే మాట వస్తోంది: "ఇంకా అవలేదు. ఆగండి."

"వాడు లేడా అమ్మా?"

"బోటు రాలేదు బాబూ. ఈపాలి ఆలీసమయింది."

"మరి వారం వారం రాస్తున్నది ఎవరు?"

సూర్యకళ తల దించుకుంది. "నానే. నెట్ సెంటర్‌కి ఎల్లి రాత్తన్నాను. ఎల్లినపుడు సెప్పినాడు. నాను వచ్చేదాక ఆళ్ళని ముందుకి ఎల్లనియ్యకు, నాను లేకుండా కత అయిపోకూడదు అన్నాడు."

ఇంత దూరం మోసుకొచ్చిన కోపం అర్జునరావుకి నోటిదాకా రాలేదు. అయినా చెప్పాల్సింది చెప్పక తప్పదు.

"ఇంకెన్నాళ్ళమ్మా? హైదరాబాదు ఆయన తిట్టి మరీ వెళ్ళిపోయాడు. మస్కట్ ఆవిడ కూడా నేడో రేపో వెళ్ళేలా ఉంది. ఇవాళ ముగించకపోతే గుంపే ఉండదు. గణేష్ వచ్చాక పక్కన కూర్చుని నేనే చదివి వినిపిస్తాను."

"ఇంకొక్క వారం ఆగండి."

"పోయిన వారమూ అదే రాశావు."

"ఇన్నాళ్ళు ఆగినోళ్ళు ఇంకొక్క వారం ఆగలేరేటి? కత ఎక్కడికి పోద్ది?"

"ఎవరూ ఆగలేదమ్మా" అనేశాడు అర్జునరావు. "పుస్తకం అందరి దగ్గరా ఉంది. ఎప్పుడో చదివేశారు. నేనూ చదివేశాను. వాడి మనసు నొచ్చుకుంటుందని చదవనట్టు ఉంటున్నాం, అంతే."

గుమ్మంలో సూరన్న దగ్గాడు.

సూర్యకళ అర్జునరావు మొహంలోకి చూసింది.

"అయితే అందరికీ తెలుసన్నమాట."

"తెలుసమ్మా."

"నా కోసం తెలీనట్టు ఉన్నారు."

ఆమె లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చింది. పేజీల మధ్య వల దారం ముక్క ఉంది. "ఇక్కడ ఆపినాడు. సదవండి. నాను వింతాను."

"నువ్వు చదవగలవు కదమ్మా?"

"నా నోటంట రాదు బాబూ."

అర్జునరావు చదివాడు. ఎప్పటిదో జమీందారీ దావా కథ. చివర్లో పెద్ద విశేషమేమీ లేదు. తీర్పు వస్తుంది. ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు. బండివాడు ఎడ్లకు నీళ్ళు పెడతాడు. పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"అయిపోనాదా?"

"అయిపోయిందమ్మా."

ఆమె అట్ట మీద దుమ్మేమీ లేకపోయినా అరచేత్తో తుడిచింది. తర్వాత లేచింది.

"మామా, పోతమ్మత్తని పిలు. ఈదిలో అందర్నీ పిలు. నాను పొయ్యి ఎలిగిత్తాను."

సూరన్న ఒళ్ళో వల కిందికి జారింది. "నిజంగానేనా అమ్మా?"

"పిలు మామా."

ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వీధిలోకి వెళ్ళాడు.

అర్జునరావు మొహమాటపడ్డాడు. "నాకోసం ఇంత హడావుడి ఎందుకమ్మా? బస్సుకి వెళ్ళిపోతాను."

"తిని ఎల్లాలి బాబూ. సదివినోరు మీరు. మీరు లేకుండా అవదు."

పోతమ్మ బియ్యం కడిగింది. ఒకామె చేపలు తెచ్చింది, ఇంకొకామె గారెలకు పప్పు రుబ్బుకొచ్చింది. అంతమంది ఆడవాళ్ళు ఒకచోట చేరినా వంటింట్లో మాట వినిపించకపోవడం అర్జునరావుకి కొత్తగా అనిపించింది. కొత్తవాడి ముందు సిగ్గు కాబోలనుకున్నాడు. మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడవారన కూర్చున్నారు. మధ్యాహ్నానికి విస్తళ్ళు పరిచారు.

సూర్యకళ మొదటి విస్తట్లో నిండుగా వడ్డించింది. అతిథికే కాబోలని అర్జునరావు సర్దుకుని కూర్చున్నాడు. ఆమె ఆ విస్తరిని రెండు చేతులా ఎత్తి, అతన్ని దాటుకుని వెళ్ళి, వాకిట్లో ఇసక మీద పెట్టింది. పెట్టి వెనక్కి జరిగి నిలబడింది. విస్తళ్ళ ముందున్నవాళ్ళెవరూ చేయి కదపలేదు.

సూరన్న ఎదురింటి రేకుల మీది కాకుల కేసి చూస్తూ పిలిచాడు.

"రా గణేషూ... ఇన్నాల్టికి నీ పెల్లాం ఒప్పుకుంది. వచ్చి తిను నాయనా."

కాకి వాలి మెతుకు ముట్టాక, అందరూ అన్నం తిన్నారు.