పెట్టెకు తోడు

"సంతకం పెడితే ఈ వారంలోనే శవం వస్తుంది. పెట్టకపోతే పనికి పోయిన ఆ దేశంలోనే ఏ మూలనో పూడ్చేస్తారు. ఆపైన మీ ఇష్టం," అన్నాడు ఏజెంటు, బల్ల మీది కాగితాన్ని కోడలి వైపు తోస్తూ.

ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు. పక్కన కూర్చున్న అత్త లాక్కుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం రాశారయ్యా ఇందులో?"

"మీ పెద్దబ్బాయి గుండెపోటుతో పోయాడని. మీకెవరి మీదా అనుమానం లేదని."

"తాడు తెగి పడ్డాడని మా చిన్నోడు ఫోన్ చేశాడు. అంతెత్తు మేడకి వేలాడి అద్దాలు తుడుస్తుంటే తెగిందంట. పాత తాడు, మార్చండని ముందే మొత్తుకున్నారంట."

"పడ్డాక గుండె ఆగిందా లేదా? గుండె ఆగితే గుండెపోటు కాక ఇంకేమంటారు పెద్దమ్మా?"

అత్త కాగితాన్ని బల్ల మీద పడేసింది. గోడ నిండా విమానాల బొమ్మలు, హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న మనుషుల బొమ్మలు. ఆ నవ్వుల కింద కూర్చుని ఏజెంటు గొంతు తగ్గించాడు.

"మీ చిన్నోడు ఆ ఒక్క ఫోనే చేశాడు కదా? మళ్ళీ చెయ్యలేదు కదా? వాడిదీ అదే కంపెనీ. అవే తాళ్ళు. పైన వేలాడేవాడు ఒకడున్నప్పుడు కింద ఉన్నవాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడాలి."

కోడలికి ఆ ఫోన్ గుర్తొచ్చింది. మరిది ఫోన్ మాట మధ్యలోనే ఆగిపోయింది. తాడు సంగతి చెప్పి, 'వదినా, ఇక్కడ వీళ్ళు...' అన్నంతవరకే వినపడింది. తర్వాత ఎన్నిసార్లు కలిపినా మోగలేదు.

ఆమె పెన్ను తీసుకుంది. అత్త ఆమె మణికట్టు పట్టుకుంది.

"పెట్టావంటే నా గడప తొక్కకు."

"పెట్టకపోతే ఆయన మొహం కూడా దక్కదు అత్తా."

"నా కొడుకు తాడు తెగి చచ్చాడే. రోగమొచ్చి చచ్చాడని నువ్వు రాసిస్తావా? వాళ్ళు ఒకసారి చంపారు, నువ్వింకోసారి చంపుతావా?"

"చెయ్యి వదులు పెద్దమ్మా. నీ వేలిముద్ర ఎవరికీ అక్కర్లేదు. భార్య సంతకం చాలు," అన్నాడు ఏజెంటు.

అత్త చెయ్యి వదిలేసింది. మొహం గోడ వైపు తిప్పేసుకుంది. పెన్ను కాగితం మీదికి వెళ్ళి ఆగింది.

"శవం పెట్టెతో పాటు మా మరిది రావాలి."

"వాడెందుకు? శవానికి దారి చెప్పడానికా?"

"వచ్చాక పెట్టె తెరవకూడదంటారు కదా మీరు. లోపల వేరే ఎవరైనా ఉంటే? నాకు భయమేస్తోందయ్యా. ఆయన తమ్ముడు కళ్ళారా చూసి ఎక్కిస్తేనే నమ్ముతాను. లేకపోతే నా చెయ్యి కదలదు."

చెయ్యి నిజంగానే ఆమె మాట వినడం లేదు. పెన్ను మొన కాగితం మీద టకటకా కొట్టుకుంటోంది. ఏజెంటు ఆ చేతిని చూసి నవ్వాడు. వణికే చేతులంటే అతనికి ఎప్పుడూ నమ్మకమే. వసారాలోకి వెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు.

"పంపిస్తారట. దహనం కాగానే వాడు మళ్ళీ విమానం ఎక్కాలి. ఎక్కకపోతే నన్నడుగుతారు, నేను నిన్నడుగుతాను."

"నేనే ఎక్కిస్తాను."

సంతకం పెట్టింది. ఆ క్షణం నుంచి అత్త ఆమెతో మాట్లాడలేదు.

విమానాశ్రయం వెనక సరుకుల షెడ్డు దగ్గరికి వాళ్ళు వెళ్ళేసరికే ఏజెంటు వ్యాన్ పెట్టించి సిద్ధంగా ఉన్నాడు.

"ఇంటికెందుకమ్మా, ఏడుపులూ జనమూను. నేరుగా శ్మశానానికే. కట్టెలు కూడా పేర్పించేశాను. గంటలో బూడిదైపోతుంది."

టీవీల అట్టపెట్టెలకీ పళ్ళ బుట్టలకీ మధ్య నుంచి తోపుడు బండి మీద వచ్చింది పెట్టె. దాని వెనకే మరిది, కాళ్ళకి రబ్బరు చెప్పులతో, తల దించుకుని. అత్త వెళ్ళి పెట్టె మీద పడింది. కోడలు పెట్టె వైపు చూడలేదు. మరిది భుజాలు తడిమింది, చేతులు తడిమింది, రెక్క పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చేసింది.

"పాస్‌పోర్టేది?"

"జేబులో ఉంది వదినా."

"ఇలా ఇవ్వు."

దాన్ని కొంగులో మూట కట్టి నడుముకి దోపుకుంది. అత్త చూసింది. "మొగుడు పెట్టెలో ఉన్నాడే," అంది. ఇన్నాళ్ళకి మాట్లాడిన మొదటి మాట అదే.

"ఎక్కండి ఎక్కండి, ఎండ మండిపోతోంది. నేను వెనకే వస్తున్నా," అని ఏజెంటు తన కారు వైపు పరిగెత్తాడు.

పెట్టె పక్కన తల్లీ కొడుకూ కూర్చున్నారు. కోడలు ముందు సీట్లో, డ్రైవర్ పక్కన. వ్యాన్ కదిలింది. పక్క అద్దంలో ఏజెంటు కారు కనిపిస్తూనే ఉంది. ఆమె రెండు చేతులూ మోకాళ్ళ సందున బిగించుకుంది. దారి రెండుగా చీలే చోటు వచ్చింది.

"అన్నా," అంది. "శ్మశానానికి కాదు. పెద్దాసుపత్రికి పోనియ్, శవపరీక్ష చేసే చోటికి. తాడు తెగడం చూసినవాడు వెనక కూర్చున్నాడు."